అందని కిటికీ అద్దాలు: అనంతపురంలో మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్నలు

అనంతపురంలో షోరూములు, ఆసుపత్రులు, హాస్టళ్లు, మిద్దె ఇళ్లు, ఇలా అద్దం ఉన్న చోటల్లా మేం ముగ్గురం పదకొండేళ్లుగా తుడుస్తున్నాం. ఫోన్ చేసినవాళ్లు అడిగేవి, ఈ పనిలోకి కొత్తగా దిగే కుర్రాళ్లు అడిగేవి ఒక్కచోట రాస్తున్నాను. కొన్ని ఇంటివాళ్లకు, కొన్ని పనివాళ్లకు. అందరూ అన్నీ చదివితే ఇంకా మంచిది.

పై అంతస్తు కిటికీ బయటి వైపు చెయ్యి అందట్లేదు. ఎట్ల తుడవాలి?

లోపలి నుంచి ఎంతవరకు అవుతుందో ముందు చూడండి. రెక్కలు బయటికి తెరుచుకునే పాత చెక్క కిటికీ అయితే గ్రిల్ లోపలి వైపు ఉంటుంది. రెక్కను సగం తెరిచి, కడ్డీల మధ్యలోంచి చెయ్యి పెడితే చాలావరకు తుడవొచ్చు. స్లైడింగ్ కిటికీ అయితే రెండు అద్దాలనూ ఒక పక్కకు జరిపి, తెరిచిన సందులోంచి పొడుగు పిడి ఉన్న సన్నని వైపర్‌ను వెనక్కి తిప్పి పట్టుకుని లాగండి. తర్వాత రెండో పక్కకు జరిపి మిగతా సగం.

చెయ్యి మాత్రమే బయటికి పోవాలి. భుజం దాటి ఛాతీ బయటికి పోతోందంటే ఆపేయండి. గ్రిల్ లేని కిటికీ గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపల ఉంచి, వెనక్కి వాలి పై అద్దం తుడిచేవాళ్లను పండగల ముందు ప్రతిసారీ చూస్తాను. ఒక చేత్తో ఫ్రేము పట్టుకున్నాం కదా అంటారు. తడి చెయ్యి, సబ్బు నురగ, నున్నటి అల్యూమినియం ఫ్రేము. ఆ పట్టు ఎంతసేపు నిలుస్తుంది?

స్లైడింగ్ రెక్కను పైకెత్తి పట్టాలోంచి తీసి కడిగే పద్ధతి కూడా ఉంది. కింది అంతస్తులో ఇద్దరు ఉంటే చేయండి. పై అంతస్తులో వద్దు. పెద్ద రెక్క ఒక్కసారి బయటి వైపు వాలిందంటే ఆపడం మీ వల్ల కాదు, దాంతోపాటు మీరూ ముందుకు పోతారు.

అద్దానికి రెండు వైపులా అతుక్కునే అయస్కాంతం వైపర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మీ అద్దం మందం ఎన్ని మిల్లీమీటర్లో చూసి, దానికి సరిపోయేదే కొనండి. బయటి ముక్కకు ఉండే తాడును గ్రిల్‌కో కిటికీ గొళ్లానికో కట్టాకే మొదలుపెట్టండి, ఎప్పుడో ఒకసారి అది ఊడుతుంది.

సజ్జ మీద దిగి తుడిస్తే తప్పేంటి? పెయింటర్లు నిలబడతారు కదా?

నిలబడతారు. అందుకే పడతారు కూడా.

సజ్జ వాననూ ఎండనూ ఆపడానికి పెట్టినది, మనిషి బరువు మోయడానికి కాదు. గోడలోంచి బయటికి వేలాడే సన్నని స్లాబు అది. దాని బలమంతా పై భాగంలో ఉండాల్సిన కడ్డీలో ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరో తొక్కి ఆ కడ్డీ కిందికి జారి ఉంటే, కింద నిలబడి ఎంత చూసినా మనకు తెలియదు. తెలిసేది మనిషి ఎక్కిన రోజే. పాత ఇళ్లలో సంగతి ఇంకా వేరు. కడప బండనో తాడిపత్రి బండనో గోడలోకి జొనిపి సజ్జగా పెట్టేవాళ్లు. ఆ బండ ఏళ్ల తరబడి నిలుస్తుంది, విరిగేటప్పుడు మాత్రం పగులు చూపించి, ముందే చెప్పి విరగదు. పటుక్కున రెండు ముక్కలవుతుంది. పైగా వాన నీళ్లు కారిపోవడానికి సజ్జకు బయటి వైపు వాలు ఇస్తారు. దాని మీద మన ఎర్రమట్టి దుమ్ము, పావురాల రెట్ట, ఆపైన మీరు పోసిన సబ్బు నీళ్లు.

మా టీంలో ఒకటే మాట: సజ్జ మీద బకెట్ కూడా పెట్టం.

నిచ్చెన ఎట్ల వేయాలి? ఎంత వాలు ఉండాలి?

ఎత్తు నాలుగడుగులైతే అడుగు దూరం. నిచ్చెన పై కొన ఆనే చోటు నేల నుంచి 12 అడుగులు ఉంటే, దాని కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. దగ్గరైతే మనిషి వెనక్కి పడతాడు, దూరమైతే కాళ్లు జారతాయి. చేత్తో చూసుకునే పద్ధతి కూడా ఒకటి ఉంది. నిచ్చెన కాళ్ల దగ్గర మీ బొటనవేళ్లు ఆనించి నిటారుగా నిలబడి, చేతులు ముందుకు చాచండి. అరచేతులు మెట్టుకు సరిగ్గా తగిలితే వాలు సరిపోయినట్టే.

దీనికంటే ముఖ్యం నేల. నేను ఈ పనిలో చేరిన రెండో ఏడాది ఒక ఇంటి పోర్టికోలో నిచ్చెన వేశాను. పాలిష్ పెట్టిన నల్ల గ్రానైట్. వాలు సరిగ్గానే ఉంది. పైన అద్దం కడుగుతుంటే సబ్బు నీళ్లు గోడ వెంట సన్నగా దిగి, నిచ్చెన కుడి కాలు కింద చేరాయి. ముందు కిర్రుమని చిన్న శబ్దం వచ్చింది. నిచ్చెన అంగుళం జరిగి ఆగింది. ఆ క్షణంలో దిగిపోయి ఉండాల్సింది. 'ఇంకొక్క అద్దమే కదా' అనుకుని చెయ్యి చాపాను. రెండోసారి ఆగలేదు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఇంట్లో కూర్చున్నాను. పడింది తొమ్మిదడుగుల నుంచే. తొమ్మిదడుగులంటే చాలామందికి ఎత్తులా అనిపించదు.

అప్పటి నుంచి నిచ్చెన కాళ్లకు రబ్బరు బూట్లు అరిగాయా లేదా అని రోజూ చూస్తాం. నున్నటి నేల మీద రబ్బరు మ్యాటు వేస్తాం. ఒక మనిషి కింద పట్టుకునే ఉంటాడు, వాడి చేతిలో ఫోన్ ఉండదు. పైకొనను దగ్గర్లోని గట్టి గ్రిల్‌కి తాడుతో కడతాం. పైకొన అద్దానికి గానీ ఏసీపీ షీటుకు (షోరూముల ముందు గోడకు బిగించే పలుచని అల్యూమినియం పలకకు) గానీ ఆనకూడదు, గోడకే ఆనాలి. పై మూడు మెట్లు ఎక్కం. బొడ్డు ఎప్పుడూ నిచ్చెన రెండు కర్రల మధ్యనే ఉండాలి, అది పక్కకు పోతోందంటే మీరు సాగుతున్నారని అర్థం. దిగండి, నిచ్చెన జరపండి, మళ్లీ ఎక్కండి. ఆ రెండు నిమిషాలు బద్ధకించినప్పుడే చెడు జరుగుతుంది.

టేబుల్ మీద కుర్చీ, కుర్చీ మీద స్టూలు వేసేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర పద్ధతి ఏమీ లేదు. దయచేసి చేయకండి.

నిచ్చెన లేకుండా నేల మీద నుంచే ఎంత ఎత్తు వరకు అవుతుంది?

మీరు అనుకునేదానికంటే ఎక్కువ. అల్యూమినియం పొడుగు కర్రకు తడి చేసే బ్రష్షు, వైపర్ మార్చి మార్చి తగిలిస్తే మొదటి అంతస్తు సులువుగా అందుతుంది. ఇంకా పైకి కావాలంటే నీళ్లు వెళ్లే గొట్టపు కర్ర ఉంటుంది. కర్ర లోపలి నుంచి సన్నటి పైపు పోయి, కొనలో ఉన్న బ్రష్షులోంచి నీళ్లు చిమ్ముతాయి. రుద్ది, కడిగి, అట్లే వదిలేస్తే ఆరిపోతుంది. మూడు, నాలుగు అంతస్తుల వరకు మనిషి నేల మీదే నిలబడి పనిచేయొచ్చు. మేం ముందు చూసేది ఇదే. నేల నుంచి అయితే నేల నుంచి, కాకపోతే లోపలి నుంచి, అదీ కాకపోతే నిచ్చెన. తాడు మీద దిగడం ఆఖరిది.

అయితే ఈ కర్రకు మన ఊరి నీళ్లు పనికిరావు. అది వేరే ప్రశ్న.

బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్ల మచ్చలు ఎందుకొస్తున్నాయి?

మచ్చ దుమ్ముది కాదు, నీళ్లదే. బోరు నీళ్లలో కరిగిన సున్నం, ఉప్పులు ఉంటాయి. నీటిబొట్టు అద్దం మీద ఆరేటప్పుడు నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పులు మిగులుతాయి. ఒక బొట్టును దగ్గరగా చూడండి. అంచు నుంచి లోపలికి ఆరుకుంటూ వచ్చి, అంచు దగ్గర సన్నని తెల్ల గీతను గుండ్రంగా వదిలేస్తుంది. మళ్లీ కడిగితే ఆ గుండ్రం మీద ఇంకో గుండ్రం పడుతుంది. మన ఎండకు అది అద్దానికి అతుక్కుపోతుంది.

నీళ్లలో కరిగినవి ఎంతున్నాయో చెప్పే టీడీఎస్ మీటరు నీళ్ల ప్లాంట్లు బిగించేవాళ్ల దగ్గర, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే వస్తుంది. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. ఊళ్లో నేను కొలిచిన బోర్లలో వెయ్యి దాటినవి ఉన్నాయి. వెయ్యి అంటే ఎంతో లెక్క చూడండి. 15 లీటర్ల బకెట్‌లో 15 గ్రాములు, అంటే దాదాపు మూడు టీస్పూన్ల ఉప్పు. శుభ్రం చేస్తున్నామనుకుని ఆ ఉప్పంతా కిటికీల మీద పూస్తున్నామన్నమాట.

వైపర్‌తో లాగే పనికి ఇంట్లో ఆర్వో నుంచి వచ్చే మంచినీళ్లు బాగా సరిపోతాయి. వైపర్ నీళ్లను లాగేస్తుంది కాబట్టి మిగిలే ఉప్పు తక్కువ. బోరు నీళ్లే గతి అయితే ఒక్క బొట్టు కూడా ఆరనివ్వకుండా లాగి, అంచులు పొడి గుడ్డతో తుడిచేయాలి. గొట్టపు కర్రలో మాత్రం టీడీఎస్ పది లోపు ఉన్న నీళ్లే వాడాలి, ఎందుకంటే అక్కడ తుడిచేది ఉండదు. మేం ఆర్వో నీళ్లను, మిగిలిన ఉప్పులను పట్టేసే రెసిన్ సిలిండర్ గుండా పంపి సున్నా దగ్గరికి తెస్తాం. కొత్త కుర్రాళ్లు ఆర్వో మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లను అద్దాలకు వాడదామంటారు. ఉద్దేశం మంచిదే, కానీ ఉప్పంతా చేరేది అందులోనే. వాటిని బండలు కడగడానికి వాడుకోండి.

ఇప్పటికే పడ్డ తెల్ల మచ్చలు పోతాయా?

కొత్తవి పోతాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు అర లీటరు నీళ్లలో కలిపి, గుడ్డను అందులో తడిపి అద్దానికి ఐదు నిమిషాలు అంటించి ఉంచండి. తర్వాత మెత్తగా రుద్ది, మంచినీళ్లతో కడగండి. వెనిగర్ కూడా పనిచేస్తుంది. అద్దం చల్లగా ఉన్నప్పుడు, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయండి. ఏళ్ల నాటి మచ్చలు అద్దాన్నే తినేసి ఉంటే ఏ మందుకూ పోవు, పాలిష్ పట్టించాలి లేదా అద్దం మార్చాలి.

ఇక్కడ మన వైపు వాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కిటికీ గట్టుకు మనం వేసేది తాడిపత్రి బండ లేదా కడప బండ. అవి సున్నపురాయి జాతివి. నిమ్మ ఉప్పు నీళ్లు పడ్డా బుసబుసమని పొంగి, పాలిష్ పోయి తెల్లబడతాయి. గట్టు మీద ముందే ప్లాస్టిక్ షీటు పరిచి, అంచు టేపుతో అంటించాలి.

బాత్రూమ్ యాసిడ్ అసలు తేవద్దు. అల్యూమినియం ఫ్రేమును, ఏసీపీని, గ్రానైట్ మెరుపును, గోడ సిమెంటును అన్నింటినీ పాడుచేస్తుంది. ఎత్తులో ఉన్నప్పుడు దాని పొగ ముక్కుకు తగిలితే ఊపిరాడక పట్టు వదిలేస్తారు. 'ఒక్కసారి పూస్తే మచ్చ మాయం' అని సీసా మీద పేరు కూడా లేకుండా అమ్మే మందులూ ఉన్నాయి. అద్దాన్ని కరిగించే యాసిడ్ ఏదైనా మనిషి చర్మాన్నీ ఎముకనూ వదలదు. అందులో ఏముందో రాసి లేని సీసాను మేం ముట్టుకోం.

వైపర్ లాగితే గీతలు గీతలుగా నీళ్లు మిగులుతున్నాయి. ఎందుకు?

రబ్బరు అరిగింది. వేలి గోరుతో అంచును మెల్లగా తడమండి. అంచు పదునుగా, మూల తిరిగినట్టు తగలాలి. గుండ్రంగా అనిపిస్తే రబ్బరు తీసి తిప్పి వేయండి, రెండో అంచు కొత్తదే. రెండూ అయిపోతే మార్చేయండి, రబ్బరు ఖరీదు టీ టిఫిను ఖర్చంతే. బకెట్ నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు చాలు, నురగ ఎక్కువైతే అదే చార అవుతుంది.

ఇప్పుడు మనం వాడే తేలికపాటి ఒంటి రబ్బరు వైపర్‌ను తయారుచేసింది కూడా అద్దాలు తుడిచే మనిషే. ఎట్టోరే స్టెక్కోనే అని, ఇటలీ నుంచి అమెరికా వెళ్లినాయన. 1930ల్లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. మా పనివాడు చేసిన వస్తువు ఇప్పటికీ ప్రపంచమంతా అట్లే వాడుతోందంటే నాకు గర్వంగా ఉంటుంది.

గృహప్రవేశానికి ముందు అద్దాల మీద సిమెంటు, పెయింటు చుక్కలు గీకొచ్చా?

అద్దాన్ని బాగా తడిపి, కొత్త బ్లేడుతో, ముందుకు మాత్రమే తోస్తూ గీకొచ్చు. వెనక్కి లాగితే బ్లేడు కింద ఇరుక్కున్న ఇసుక రేణువు పొడుగ్గా గీత పెడుతుంది. మూలలో చిన్న ముద్ర ఉన్న టఫెన్డ్ అద్దమైతే (వేడి చేసి గట్టిపరిచినది) ముందు కనబడని మూలలో చూసుకోండి, కొన్నింటి పైపొరలో సన్నని రేణువులు అతుక్కుని ఉంటాయి, బ్లేడు వాటిని ఈడ్చి గీతలు చేస్తుంది. ఫిల్మ్ అంటించిన అద్దాన్ని గీకకూడదు. సిమెంటు పాలు వారాల తరబడి ఉంటే అద్దాన్ని తింటాయి, కాబట్టి ప్లాస్టరింగ్ రోజే తడిగుడ్డతో తుడిపించండి.

ఏ నెలలో, ఏ టైమ్‌లో చేయించుకోవాలి?

పొద్దున ఆరు నుంచి పది లోపు. ఎండాకాలంలో పడమటి అద్దం సాయంత్రం ఆరు దాటినా కాలుతూనే ఉంటుంది. సబ్బు నీళ్లు వైపర్ చేరేలోపే ఆరిపోతాయి, చల్లటి నీళ్లు కొడితే మామూలు అద్దం పగలొచ్చు కూడా. మనిషికి ఇంకా ప్రమాదం. ఎత్తులో కళ్లు తిరగడమంటే కింద తిరగడం లాంటిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో మజ్జిగ సీసా, ఉప్పు చక్కెర నీళ్లు లేకుండా మేం కదలం.

జూన్ నుంచి ఆగస్టు వరకు గాలి. ఈ గాలిని నమ్ముకునే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారు. ఎండకూ వానకూ లేని కష్టం మాకు గాలితో ఉంది, ఎందుకంటే అది ఒకేలా వీచదు. నిలిచిందనుకున్నాక ఒక్క విసురు వస్తుంది. ముప్పై అడుగుల కర్ర నిలబెట్టి పట్టుకుంటే అది తెరచాప అవుతుంది. వీధిలో చెట్ల చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతున్నాయా, దుమ్ము లేచి కాగితాలు ఎగురుతున్నాయా చూస్తాం. అట్లుంటే నిచ్చెన, పొడుగు కర్ర, తాడు పని ఏదీ చేయం. రెండు భవనాల మధ్య సందులో గాలి ఇంకా జోరుగా ఉంటుంది, రోడ్డు మీద చూసి మోసపోవద్దు. ఆ నెలల్లో తెల్లవారుజామున గాలి కాస్త తగ్గిన రోజులు చూసుకుని పని పెట్టుకుంటాం. ఒకరోజు వాయిదా వేస్తే కోపగించుకోకండి.

ఇంటి ముందే కరెంటు తీగలు ఉన్నాయి. జాగ్రత్తగా చేస్తే సరిపోదా?

సరిపోదు. ఇందులో జాగ్రత్త అనేదే లేదు, దూరం మాత్రమే ఉంది.

11 కేవీ లైనుకు, ఇంటికి మధ్య పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. పాత పేటల్లో ఇల్లు కట్టాక బాల్కనీ ముందుకు పెంచిన చోట్ల ఆ దూరం ఏనాడో పోయింది. ఒకవేళ ఆ దూరం ఉన్నా అది ఖాళీగా ఉన్న ఇంటికి, చేతిలో ఇరవై అడుగుల కర్ర ఉన్న మనిషికి కాదు. అల్యూమినియం నిచ్చెన, అల్యూమినియం కర్ర కరెంటును పాస్ చేస్తాయి. కార్బన్ ఫైబర్ కర్ర నల్లగా ప్లాస్టిక్‌లా కనిపించినా అదీ పాస్ చేస్తుంది, ఈ సంగతి చాలామంది పనివాళ్లకే తెలియదు. తగలాల్సిన పని కూడా లేదు, హైవోల్టేజీ తీగ దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది.

మా లెక్క: కర్ర చాపినప్పుడు దాని కొన ఏ తీగకూ పది అడుగుల లోపు రాకూడదు. వస్తుందంటే ఆ కిటికీ బయటి నుంచి చేయం. కర్రను నిలువుగా పట్టుకుని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి నడవం. పైకి చూసేది అద్దాన్ని, మరచిపోయేది వెనకున్న తీగను. అందుకే ప్రతిసారీ దించి, అడ్డంగా మోసుకెళ్లి, మళ్లీ ఎత్తుతాం.

తప్పనిసరైతే ఇంటివాళ్లు మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని సప్లై ఆపాకే పని. ఇంటి మెయిన్ ఆఫ్ చేస్తే బయటి తీగ ఆఫ్ కాదు, ఇది దయచేసి అందరికీ చెప్పండి. తీగ కిందికి వేలాడుతుంటే 1912కు ఫోన్ చేయండి.

బెల్టు కట్టుకుంటే చాలు కదా?

'ఏమప్పా, బెల్టు ఉంది కదా, దిగు' అని ఓనర్లు అంటుంటారు. బెల్టు మనిషిని ఆపదు. బెల్టును కట్టిన చోటు ఆపుతుంది.

మొదట, నడుముకు ఒక్క పట్టీ ఉన్న బెల్టు వద్దు. పడినప్పుడు ఆ దెబ్బంతా నడుము మీదే పడుతుంది. తొడలకు, భుజాలకు, ఛాతీకి పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, దాని మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 3521 గుర్తు చూడండి. కుట్లు ఊడినా, పట్టీ ఎండకు వెలిసి గట్టిపడినా, యాసిడ్ పడినా, ఒకసారి ఎవరైనా పడి దాని మీద ఆగినా, దాన్ని కత్తిరించి పారేయాలి. ఇంకొకరు ఏరుకుని వాడకుండా కత్తిరించడం ముఖ్యం.

రెండోది, కట్టే చోటు. ఒక వాణిజ్య భవనం మిద్దె మీద మాకు డిష్ యాంటెన్నా స్టాండు చూపించి, అందరూ దీనికే కడతారన్నారు. నేను చేత్తో ఊపితే కింద బోల్టు దగ్గర సిమెంటు పొడి రాలింది. ఆ పని ఒప్పుకోలేదు, వాళ్లు వేరేవాళ్లను పిలుచుకున్నారు. నీళ్ల పైపు, పిట్టగోడ రెయిలింగ్, ఏసీ బ్రాకెట్, సింటెక్స్ ట్యాంకు, సోలార్ స్టాండు, ఇవేవీ కట్టే చోట్లు కావు. పడే మనిషి ఒక్క కుదుపులో తన బరువుకు ఎన్నో రెట్లు లాగుతాడు. ఆర్‌సీసీ పిల్లరు, లిఫ్టు గది బీము చుట్టూ తాడు తిప్పి కడతాం, లేదా ఇంజినీరు చూసి పెట్టిన యాంకర్లకు.

మూడోది ఎవరూ లెక్క వేయరు. ఆరడుగుల తాడు, కుదుపును మింగే పట్టీ విచ్చుకుంటే ఇంకో మూడున్నర, వీపు మీది రింగు కింద మనిషి ఐదడుగులు, ఆపైన మూడడుగులు వదలాలి. మొత్తం పదిహేడున్నర అడుగులు. మొదటి అంతస్తు కిటికీ నేలకు అంత ఎత్తులో ఉండదు. అంటే బెల్టు పనిచేసేలోపే మనిషి నేలను తాకుతాడు. ఇట్లాంటి చోట తాడును అంచు దాకా కూడా రానివ్వనంత పొట్టిగా కట్టాలి, పడే అవకాశమే ఉండకూడదు.

తాడు మీద దిగి తుడిచే పని నేర్చుకోవాలనుంది. ఎట్ల?

తమ్ముడూ, చూసి నేర్చుకునే పని కాదిది. శిక్షణ తీసుకో. ఎప్పుడూ రెండు తాళ్లు, రెండూ వేరు వేరు చోట్ల కట్టినవి, ఒకటి దిగడానికి, ఒకటి మొదటిది తెగితే పట్టుకోవడానికి. పిట్టగోడ అంచు మీద తాడు రాపిడి పడే చోట తప్పకుండా మందపాటి తొడుగు వేయాలి, తాడు తెగేది ఎక్కువగా అక్కడే.

వేలాడే మనిషిని దించే ఉపాయం ముందే సిద్ధంగా ఉండాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి, నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. 108కు ఫోన్ చేసి వచ్చేదాకా చూస్తామంటే కుదరదు. పైన ఉండే మనిషికి దించడం వచ్చి ఉండాలి. మేం నాలుగంతస్తులు దాటిన తాడు పని తీసుకోం. అది బెంగళూరు, హైదరాబాద్‌లో యంత్రపు ఊయలలున్న పెద్ద టీంలు చేసే పని, మాకు ఆ సామాను లేదు.

కిటికీ పైన తేనెతుట్టె ఉంది. పక్క కిటికీ చేయొచ్చా?

వద్దు. పెద్ద తేనెటీగలు కర్ర కదిలినా, నీళ్లు చిమ్మినా లేస్తాయి. నిచ్చెన మీదున్న మనిషి చేతులతో కొట్టుకుంటూ పట్టు వదిలేస్తాడు. తుట్టె తీసేవాళ్లను పిలిపించి, రెండు మూడు రోజులు ఆగాక మాకు చెప్పండి.

కింద నడిచేవాళ్ల సంగతి?

వైపర్, గీకే బ్లేడు, మొబైల్ అన్నీ తాడుతో మణికట్టుకో నడుముకో కట్టి ఉంటాయి. కింద తాడు అడ్డం కట్టి ఒకరు నిలబడతారు. సుభాష్ రోడ్డు లాంటి చోట షాపులు తెరిచేలోపే ముగిస్తాం, ఆ తర్వాత జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

పనివాళ్లకు ఇన్సూరెన్స్ ఏదైనా ఉందా?

ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచే పోతాయి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా పనికి రాకుండా పోయినా 2 లక్షలు వస్తాయి. ప్రీమియం కట్ అయ్యే మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉండాలి, లేకపోతే ఆగిపోతుంది. నామినీ పేరు సరిగ్గా రాయించుకోండి. ఈ మొత్తం సరిపోదు, కానీ మా వాళ్లలో చాలామందికి ఇది కూడా లేదు. మీ ఇంటికి వచ్చే మనిషిని ఒకసారి అడగండి.

ఎవరినైనా పిలిచేటప్పుడు మేం ఏం చూడాలి? తక్కువ రేటు చెప్పేవాళ్లు ఉన్నారు కదా?

ఇల్లు చూడకుండా ఫోన్లోనే రేటు చెప్పారంటే తీగలు, సజ్జ, నేల ఏవీ చూడలేదన్నమాట. వచ్చిన మనిషి ముందు అద్దం చూస్తాడా, పైకి, కిందికి, చుట్టూ చూస్తాడా గమనించండి. ఎంతమంది వస్తారో అడగండి. ఒక్కడే నిచ్చెనతో వస్తానంటే వద్దనండి, ఆ రెండో మనిషి కూలీ మిగిల్చుకోవడమే చాలాసార్లు ఆ తక్కువ రేటు.

మీ వైపు నుంచి మేం అడిగేవి కొన్నే. మిద్దె తాళం ముందురోజే ఇవ్వండి. గేటు దగ్గర కారు తీసి పెట్టండి, నిచ్చెనకు చోటు కావాలి. పైన మనిషి ఉన్నప్పుడు కింది నుంచి 'అక్కడ ఇంకా మరక ఉంది' అని పిలవకండి, వాళ్లు తిరిగి చూస్తారు. కిందున్న వాడికి చెప్పండి, దిగాక వాడు చెప్తాడు. లోపలి వైపు నుంచి ఎవరూ ఆ కిటికీ తెరవకుండా పిల్లలకు చెప్పి, గొళ్లెం పెట్టండి. ఒక కిటికీ కుదరదని మేం చెప్తే దాని డబ్బు తగ్గించి ఇవ్వండి, చేయమని మాత్రం అడగకండి.